సైడింగ్ కాలనీకి అతిథులు కావలెను

వీఐపీలు మీ ఊరికి వస్తున్నారంటే మీరెందుకండీ అలా మొహం మాడ్చుకుంటారు?

ట్రాఫిక్ ఆపేశారని, స్కూలు పిల్లల చేతికి జెండాలిచ్చి ఎండలో నిలబెట్టారని పత్రికలకు ఉత్తరాలు రాస్తారు! ఎంత కృతఘ్నత! వీఐపీ అంటే ఎవరనుకున్నారు? కారెక్కి వచ్చే వానమబ్బు! కాన్వాయ్ అంటే ఏమనుకున్నారు? సైరన్ మోగించుకుంటూ వచ్చే పర్యావరణ ఉద్యమం! నమ్మకం కలగకపోతే బస్తర్ రండి. బచేలి దాటాక రైలుపట్టాలను ఆనుకుని సైడింగ్ కాలనీ అని నలభై రెండు ఇళ్ళుంటాయి. అక్కడ అప్పలకొండమ్మ ఇల్లెక్కడని అడగండి.

ఆ నలభై రెండు ఇళ్ళ మధ్య నుంచే రోడ్డు. కొండ మీద తవ్విన ఇనుపరాయిని యార్డు నుంచి వ్యాగన్ల దగ్గరికి మోసే లారీలన్నీ ఆ రోడ్డునే పోతాయి. పోతూ పోతూ కాలనీకి కాస్త ఎర్రదుమ్ము ప్రసాదించి పోతాయి. తెల్లచొక్కా అనేది అక్కడ పెళ్ళిఫోటోలో తప్ప కనిపించదు. ఇడ్లీ కుక్కర్లోంచి తెల్లగానే దిగుతుంది, పళ్ళెంలోకి వచ్చేసరికి సిగ్గుతో ఎర్రబడుతుంది. కాకులు కూడా రంగు మారి, తద్దినం రోజున పిలిస్తే వచ్చినది కాకో కాదో తేల్చుకోలేక కర్త తికమకపడతాడు. ఒంట్లో ఐరన్ తగ్గిందని టానిక్కులు తాగే పట్నవాసులారా, ఇక్కడ ఊపిరి పీలిస్తే చాలదూ?

అప్పలకొండమ్మది బొబ్బిలి దగ్గరి పల్లె. భర్త నీలకంఠం రైల్వేలో కీమాన్. అంటే రోజూ పట్టాల వెంట నడుస్తూ, సడలిన కీలను సుత్తితో బిగించే మనిషి. కిరందుల్ లైను మీద ఇరవై ఎనిమిదేళ్ళు అలా నడిచాడు. పిల్లలు ఇక్కడే పుట్టారు, పెళ్ళిళ్ళూ ఇక్కడే అయ్యాయి. రిటైరయ్యాక ఇక ఊరంటే ఇదేనని కాలనీలో రెండు గదులు కట్టుకున్నారు. గృహప్రవేశమైన ఏడాదికి దగ్గు కూడా వచ్చి కాపురం పెట్టింది.

అన్నం ముందు కూర్చుంటే ముద్దకో దగ్గు. మూడో ముద్దకు కంచం పక్కకు తోసేసేవాడు. బచేలి ఆస్పత్రిలో డాక్టరుగారు ఓపికగా చూసి, ఛాతీ ఫోటో తీయించి, "ఈయన్ని దుమ్ముకి దూరంగా ఉంచాలమ్మా" అన్నారు.

"ఎక్కడెట్టాల బావూ? ట్రంకుపెట్లోనా?" అంది అప్పలకొండమ్మ.

ఆవిడ ఎకసెక్కానికి అనలేదు. నిజంగానే అడిగింది. డాక్టరుగారు తల దించుకుని మందులు రాసిచ్చారు.

దుమ్మును అణచడానికి యార్డులో ఒక నీళ్ళ ట్యాంకరు ఉంది. దాని వెనక వరసగా చిల్లులున్న గొట్టం. రోడ్డు మీద నీళ్ళు చల్లడానికే దాన్ని తెచ్చారట. ఎండకు రంగు వెలిసిపోకుండా షెడ్డులో భద్రంగా దాచారు. అప్పలకొండమ్మ పదిమంది ఆడవాళ్ళను వెంటేసుకుని యార్డు ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ ధూళి నియంత్రణ అధికారి దేవరాజుగారు కూర్చుని ఉన్నారు. ధూళి ఆయన గదిలోకి రాకుండా ఏసీ నియంత్రిస్తోంది.

"మీ సమితి పేరేంటమ్మా? సమితి లేకుండా దరఖాస్తు తీసుకోవడం కుదరదు" అన్నారాయన.

పక్కింటి కన్నమ్మ ఏడో తరగతి పాసైన మనిషి. ప్రతి ఆదివారం చర్చిలో వాక్యం చదువుతుంది. అక్కడికక్కడే కాగితం తీసి 'సైడింగ్ కాలనీ మహిళా పర్యావరణ సమితి' అని రాసిచ్చింది. ఆ పేరు పూర్తిగా పలికేసరికి సగంమంది సభ్యులకు ఆయాసం వచ్చింది.

దేవరాజుగారు సంతోషించి మొక్కలు నాటమన్నారు. నాటారు. నలభై కానుగ మొక్కలు! నీళ్ళు బిందెలతో మోశారు. వారానికల్లా ఆకులు ఎర్రగా పేరుకుపోతే, పొద్దున్నే తడిగుడ్డ పట్టుకుని ఒక్కొక్క ఆకూ తుడిచారు. మొక్కలకు ఒళ్ళు రుద్ది స్నానం చేయించే సమితి భారతదేశంలో ఇంకోటి ఉందేమో చెప్పండి! గుమ్మాలకు తడిపిన గోనెపట్టాలు కట్టారు. రోడ్డు ఊడ్చారు. పర్యావరణ దినోత్సవానికి దేవరాజుగారు స్వయంగా వచ్చి, వాళ్ళతో ఫోటో దిగి, సర్టిఫికెట్ ఇచ్చి వెళ్ళారు. కన్నమ్మ దాన్ని గోడకు తగిలిస్తే పదిరోజుల్లో అందులో ఏం రాశారో చదవడానికి వీల్లేకుండా పోయింది.

"మరి ట్యాంకరో బావూ?"

"ట్యాంకరు అవసరమైన పనికమ్మా."

"ఏటి ఆ పని?"

"అవసరం వచ్చినప్పుడు చెప్తాం."

అవసరం మార్చి నెలలో వచ్చింది. ఢిల్లీ నుంచి ఒక పెద్ద సాహెబు వ్యాగన్లు చూడటానికి వస్తున్నాడని కాలనీ మొదట్లో వెదుళ్ళతో ఆర్చి కట్టారు. తెల్లారేసరికి ట్యాంకరు రోడ్డెక్కింది. మధ్యాహ్నంలోగా మూడుసార్లు నీళ్ళు చల్లింది. సాహెబు కారు నలభై సెకన్లలో కాలనీ దాటింది, అద్దం కూడా దించలేదు. ఆ పూట నీలకంఠం కంచం ముందు కూర్చుని, పప్పు కలుపుకుని, మజ్జిగ దాకా వెళ్ళాడు. ఒక్క దగ్గు లేదు. "ఇంకొంచెం ఎట్టు" అని కంచం ముందుకు జరిపాడు.

అప్పలకొండమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. భర్త మారు అన్నం అడిగి రెండేళ్ళయింది. వడ్డించి, చెయ్యి కడుక్కుని, సరాసరి ట్యాంకరు దగ్గరికి వెళ్ళింది. డ్రైవరు పేరు లక్మా, కోంటా వైపు మనిషి. యాభై దాటినవాడు. చక్రం నీడన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"రేపూ సల్లుతావేటి బావూ?"

"రేపెందుకమ్మా? ఆర్చి ఇప్పేస్తరు గద."

"ఆర్చి ఉంటే సల్లుతావా?"

"ఎందుకు సల్ల? ఆర్చి కనవడితే ఎవల్నీ అడగకుండ సల్లాలన్నడు సాబ్. పోయినేడు ఎవలొస్తుండ్రని అడగబోతే, ఆలస్యం చేసినవని మెమో ఇచ్చిండ్రు. ఇగ నేను అడగ. నాకేంది?"

ఇదండీ ఆ కాలనీలో జరిగిన శాస్త్రీయ ఆవిష్కరణ! వాన కురవాలంటే మబ్బు కావాలి, ట్యాంకరు కురవాలంటే ఆర్చి కావాలి.

మర్నాడే అప్పలకొండమ్మ సమితిని పిలిచింది. విప్పి పడేసిన వెదుళ్ళు ఏరుకొచ్చారు. పాత ఎన్నికల ఫ్లెక్సీ ఒకటి పాక మీద కప్పి ఉంటే తీసి, తెల్లటి వెనకవైపు తిప్పారు. గెలిచినాయన మొహం లోపలికి పోయింది. రాయడానికి కన్నమ్మ కుంచె పట్టుకుని ఆగిపోయింది.

"అబద్ధం నాను రాయను వదినా. ఎవులూ రాకుండా వస్తన్నారని ఎలా రాస్తాం? దేవుడు సూడడేటి?"

"అబద్ధమెందుకే? సాలూరు నుంచి మీ తమ్ముడు గురువారం వస్తన్నాడు కదా. ఆడు అతిథి కాడా?"

కన్నమ్మ ఆలోచించింది. తమ్ముడు అతిథే. రెండుపూటలా కోడికూర అడిగే అతిథి. 'హార్దిక్ స్వాగత్' అని హిందీలో పెద్ద అక్షరాలు రాసింది. పేరు రాయలేదు. గురువారం పొద్దున లక్మా ఆర్చి చూశాడు, బండి తీశాడు, నీళ్ళు చల్లాడు. కన్నమ్మ తమ్ముడు రైలు దిగి చేతిసంచీతో ఆ తడిరోడ్డు మీద నడిచివచ్చి, "మీ కాలనీ ఎంత సల్లగుందే అప్పా!" అన్నాడు.

ఆ తర్వాతి వారం ఇంకొకరి వియ్యపురాలు. ఆపై వారం కొత్తవలస నుంచి పాస్టరుగారు. ఒక్క ఆర్చి కూడా అబద్ధం కాదు.

ఆఫీసులో మాత్రం కలవరం మొదలైంది. వస్తున్నదెవరు? హెడ్ క్లర్కును దేవరాజుగారు అడిగారు. తెలియదంటే తన పరువు పోతుందని హెడ్ క్లర్కు గొంతు తగ్గించి, "కాన్ఫిడెన్షియల్ సార్" అన్నాడు. కాన్ఫిడెన్షియల్ అంటే ఎంత పెద్దవాడై ఉండాలి! దేవరాజుగారికి నిద్ర పట్టలేదు. రోడ్డుకు రెండువైపులా సున్నం గీతలు గీయించారు. గుంతలు పూడ్పించారు. నాలుగో ఆర్చి లేచేసరికి లారీలన్నిటికీ పైన టార్పాలిన్ పట్టాలు కప్పించారు.

ఆ రోజు గుమ్మంలో నిలబడి అప్పలకొండమ్మ లారీలు లెక్కపెట్టింది. ముప్పై ఆరు. ముప్పై ఆరింటికీ కొత్త పట్టాలు, మడతలు కూడా నలగలేదు. ఇన్నాళ్ళూ అవి స్టోరులోనే ఉన్నాయన్నమాట. నవ్వుకుంటూ బయటికొచ్చిన మనిషికి నవ్వు ఆగిపోయింది. నీలకంఠం మూడో ముద్దకు లేచిపోయిన రోజులన్నీ కళ్ళముందు తిరిగాయి.

అయిదో ఆర్చికి దేవరాజుగారు స్వయంగా వచ్చారు. సఫారీ సూటు, చేతిలో గులాబీల బొకే, వెనక ఫోటోగ్రాఫరు. ఎవరొస్తున్నారో ఎవరినీ అడగలేదు. అడిగితే తనకు తెలియదని తెలిసిపోదూ? గంటసేపు ఎండలో నిలబడ్డారు. లారీలు ఆపేశారు. పదకొండింటికి బచేలి వైపు నుంచి ఒక ఆటో వచ్చి ఆర్చి కింద ఆగింది. కన్నమ్మ కూతురు దిగింది, చేతుల్లో పొత్తిగుడ్డల మూట.

ఫోటోగ్రాఫరు అలవాటు కొద్దీ ఫ్లాష్ కొట్టాడు. మూట కెవ్వుమంది.

"ఎవరిది? ఎవరొచ్చారు?" అన్నారు దేవరాజుగారు.

"మా మనవరాలు సార్. ఏడో రోజు. ఆస్పత్రి నుంచి ఇదే రావడం" అంది కన్నమ్మ.

"వీఐపీ ఏడీ?"

"అదే కదండీ" అంది అప్పలకొండమ్మ, మూట వైపు చూపిస్తూ.

దేవరాజుగారి మొహం రోడ్డు రంగుకొచ్చింది. "ఇది మోసం! గవర్నమెంటును చీట్ చేశారు! మీ సమితి రద్దు చేయిస్తాను!"

"ఏటి మోసం బావూ? స్వాగతం అనీసి రాసినాం. పిల్ల వొచ్చినాది. ఎవులొస్తన్నారని మీరు అడగనేదు."

"ఈ పిల్ల కోసం నీళ్ళు చల్లమని ఏ రూల్లో ఉంది?"

అప్పలకొండమ్మ గొంతు ఒక్కసారి పైకి లేచింది. "మరెవులి కోసం ఉందో సెప్పండి! కారద్దం దించనోడికి సల్లినారు. ఈ గుంట ఇక్కడ ఊపిరి పీల్సాల కదా! మా ఆయన రెండేల్లుగా అన్నం తిననేదు. పట్టాలు స్టోర్లో ఎట్టుకొని మా సేత ఆకులు తుడిపించినారు!"

లారీ డ్రైవర్లు కిందికి దిగి చూస్తున్నారు. లక్మా బీడీ ఆర్పేశాడు. దేవరాజుగారు బొకేను ఏం చేయాలో తెలియక ఆటో సీటు మీద పెట్టేసి వెళ్ళిపోయారు.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. అనుమతి లేనిదే ఆర్చి కట్టరాదు. కావలసినవారు ఫారం నింపాలి. అతిథి పేరు, హోదా, ఎన్ని గంటలు ఉంటారు. ట్యాంకరు షెడ్డుకు పోయింది, పట్టాలు స్టోరుకు పోయాయి.

మర్నాడు అప్పలకొండమ్మ ఫారం తెచ్చి కన్నమ్మ ముందు పెట్టింది. పేరు, నీలకంఠం. హోదా, రిటైర్డ్ కీమాన్. మూడో గడి దగ్గర కన్నమ్మ తల ఎత్తి, "ఇరవై ఎనిమిదేళ్ళని రాయనా వదినా?" అంది.

"ఉన్నది కాదే, ఇకమీద ఎంతసేపుంటాడో అడిగినారు. డాక్టరుబాబు కూడా సెప్పనేపోయినారు. తెల్దని రాయి."

కన్నమ్మ రాసింది. దేవరాజుగారు ఆ గడిని రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. ఒక్కరోజుకు. ఆ రోజు నీలకంఠం ఇస్త్రీచొక్కా వేసుకుని అరుగు మీద పెద్ద సాహెబులా కూర్చుంటే, లక్మా ట్యాంకరు మీది నుంచి సలాం కొట్టాడు.

అంతటితో హెడ్డాఫీసు మేల్కొంది. సర్క్యులర్ సవరించారు. కాలనీలో నివసించేవారు అతిథులు కాజాలరు. బయటి ఊరి నుంచి వచ్చి, ఎనిమిది గంటలు మించకుండా ఉండేవారే అర్హులు. అయితే ఆ బయటివాడు వీఐపీయే కావాలని మాత్రం రాయలేకపోయారు. 'మామూలు మనిషికి నీళ్ళు చల్లం' అని రాసి కింద సంతకం పెట్టే ధైర్యం ఏ అధికారికీ లేకపోయింది!

కాబట్టి ఇప్పుడు సమితి పని ఒకటే, చుట్టాలకు ఉత్తరాలు రాయడం. సోమవారం విజయనగరం వాళ్ళు, బుధవారం అరకు వాళ్ళు, శనివారం చర్చివాళ్ళు. ఎనిమిది గంటల్లో తిరుగురైలు దొరక్కపోతే రాత్రికి బచేలిలో పడుకుంటారు. వారంలో ఆ మూడురోజులూ కాలనీ గాలి పీల్చుకుంటోంది. మంగళ, గురు, శుక్ర, ఆదివారాలు ఖాళీ.

అందుకే పాఠక మహాశయులారా, వీఐపీలను తిట్టడం మాని మీరే వీఐపీలు కండి! మీకు పదవి అక్కర్లేదు, కాన్వాయ్ అక్కర్లేదు. రైలెక్కి రండి. కన్నమ్మ మీకు స్వాగతం రాస్తుంది, లక్మా మీ కోసం రోడ్డు తడుపుతాడు. వచ్చేముందు ఒక కార్డు ముక్క రాయండి చాలు. పేరు రాయండి, చేసే పని రాయండి, ఏ రైలుకు వెళ్ళిపోతారో తప్పకుండా రాయండి. ఊరు నచ్చింది, ఇక్కడే ఉండిపోతాను అని మాత్రం పొరపాటున కూడా రాయకండి. ట్యాంకరు కదలదు.