గడియార స్తంభం మీద నిఘా

ఒక పెద్ద అడవిలో జంతువులు తమకంటూ ఒక పట్నం కట్టుకుని, దానికో పురపాలక సంఘం కూడా పెట్టుకున్నాయి. ఆ ఏడు పట్నాన్ని కరోనా దగ్గు పట్టుకుంది. కుందేళ్ళ వీధిలో ముగ్గురు పోయారు.

ఆరోగ్య కమిటీ అధ్యక్షుడు నక్క సభలో లేచి, ఇదంతా గడియార స్తంభంలో వేలాడే గబ్బిలాల పనేనని తేల్చేశాడు. ఆ స్తంభం మీద ఆయనకు చాలాకాలంగా కన్నుంది. పై అంతస్తులో ఆఫీసు పెట్టుకుంటే పట్నమంతా కనిపిస్తుంది. అందుకే గబ్బిలాల మీద నిఘాతోపాటు ఒక చట్టం కూడా చేయించాడు. దగ్గు వైరస్ దొరికినవాళ్ళు, ఎవరైనా సరే, ఆ పూటే ఇల్లు ఖాళీ చేసి ఆరు నెలలు ఏటి అవతల ఉండాలి. ‘ఎవరైనా సరే’ అన్నది న్యాయంగా కనిపించాలని ఆయనే చేర్పించాడు.

పరీక్షల పని చెంగల్వ అనే ముంగిసకు అప్పగించారు. ఆమె సాయంత్రం స్తంభం కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, తెల్లారాక దానిమీద రాలిన రెట్టలు ఏరి సీసాల్లో వేసుకునేది. ఒకరోజు ముసలి గబ్బిలం తిరపమ్మ తలకిందులుగానే ఆమెను పలకరించింది.

"పొట్టకు కరుచుకున్న పిల్లలతో ఆరు నెలలు ఎక్కడ వేలాడమంటావమ్మా?"

చెంగల్వ ఆనాటినుంచి ప్రతి సీసానూ రెండేసి సార్లు పరీక్షించింది.

నెల తిరిగేసరికి సంగతి తేలింది. గబ్బిలాల్లో వైరస్ ఉన్నమాట నిజమే, కాని అది వేరే రకం. ఊరిని దగ్గిస్తున్నది అది కాదు.

సభలో నక్కకు ఈ కబురు రుచించలేదు. మళ్ళీ వెతకమన్నాడు. పోల్చి చూడటానికి వేరేవాళ్ళ నమూనాలు కూడా కావాలంది చెంగల్వ.

"ఎవరివో ఒకరివి తీసుకోవమ్మా," అన్నాడు నక్క, దగ్గు ఆపుకుంటూ.

ఆమె ఎదురుగా ఉన్నవాళ్ళవే తీసుకుంది. నక్కతో సహా సంఘంలోని పదకొండుమంది సభ్యుల గొంతుల్లోనూ పుల్ల తిప్పింది. పదకొండింటిలోనూ ఆ దగ్గు వైరసే. ఆరా తీస్తే, అందరూ నక్క ఇంట్లో విందు తిన్నవాళ్ళే. పోయిన ముగ్గురు కుందేళ్ళూ ఆ విందులో వడ్డించినవాళ్ళు.

సంఘం పెద్ద ఎలుగుబంటికి ఏ కాగితాన్నైనా ముందు బహిరంగంగా చదివేసి, తర్వాత అర్థం చేసుకునే అలవాటు. నివేదికనూ అలాగే చదివాడు. సభ బయట కుందేళ్ళు వింటున్నాయి. చట్టం తీసి చూపించమన్నాయి. పొద్దు వాలకముందే సభ్యులంతా మూటలు నెత్తిన పెట్టుకుని ఏరు దాటారు. నక్క అందరికంటే వెనక, దగ్గుతూ నడిచాడు.

అవతలి ఒడ్డున సంఘం అత్యవసరంగా సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించింది: నిఘా దిగ్విజయంగా ముగిసినందున దాన్ని రద్దు చేయడమైనది, చెంగల్వను చేపల దగ్గు విభాగానికి బదిలీ చేయడమైనది.

నీతి: జబ్బు ఎవరిలో దొరకాలో ముందే నిర్ణయించుకున్నవాళ్ళు పరీక్షను పని తెలిసినవాళ్ళ చేతిలో పెట్టకూడదు.