పనిబల్లలో ఒక పూట

ఆ శనివారం మెతోది పెట్టుకున్న పని చాలా చిన్నది. పనిబల్ల కింది అల్మారాకు గడియ బిగించాలి, తలుపులు సరిగా మూసుకుంటున్నాయో లేదో చూడాలి, మధ్యాహ్నానికి చేతులు కడుక్కుని భోజనానికి కూర్చోవాలి. బల్గేరియాలో ద్రయానోవో అనే చిన్న ఊళ్లో, ఇంటి వెనక షెడ్డులో నాలుగు నెలలుగా సాగుతున్న పనికి అది చివరి రోజు.

ఆ బల్ల అతను కొత్తగా ఊహించి చేసింది కాదు. ఊళ్లో కుర్చీలూ మంచాలూ చేసే ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, ముప్పై ఒక్క ఏళ్లు అతను నిలబడి పనిచేసిన బల్లకు అచ్చమైన నకలు. అంతే పొడవు, అంతే ఎత్తు, అదే ఓక్ చెక్క. ఆ బల్లకు అవతలి వైపు రాచో నిలబడేవాడు. జిగురు డబ్బా ఒకటే, రొట్టె ఒకటే, ఉల్లిపాయ ఒకటే. చిత్రిక పడుతుంటే చెక్క పొట్టు చుట్టలు చుట్టలుగా ఇద్దరి కాళ్ల దగ్గరా పోగుపడేది. పైన రేడియోలో తెలిసిన పాట వస్తే ఒకడు ఈల మొదలుపెట్టేవాడు, రెండోవాడు పూర్తి చేసేవాడు. పాత బల్లకు లేనిది తలుపులు మాత్రమే. అవి మెతోది భార్య దోన్కా పెట్టిన షరతు. వంటింటి సొరుగులో గరిటెల మధ్య ఇక ఉలి కనబడకూడదంది.

రాచోతో మాటలు లేక ఇరవై రెండేళ్లయింది. ఫ్యాక్టరీ మూతబడ్డ చలికాలంలో ఆ బల్లను రాచో తన ఇంటికి చేర్చాడు. ఎండలు వచ్చేసరికి అది లేదు. ఎవడికో ఇచ్చేశావని మెతోది అన్నాడు. రాచో అవుననలేదు, కాదనలేదు. ఆ పేరు ఇంట్లో ఎత్తకూడదని అప్పటినుంచీ కట్టడి. అయినా ఆ ఉదయం కాఫీ దగ్గర దోన్కా ఎత్తింది. పైచెక్క ఎత్తడానికి రాచోను పిలిచి ఉంటే నీ నడుం పట్టేది కాదు కదా అంది. మెతోది కాఫీ సగంలో వదిలి, చెప్పులతోనే షెడ్డులోకి వెళ్లిపోయాడు.

గడియ బాగా కుదిరింది. మూస్తే తనంతట తానే పడే స్ప్రింగు గడియ అది. తలుపుల మధ్య సందు ఉందేమో తెలుసుకోవడానికి ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. లోపల దూరి తలుపులు మూసుకుంటే వెలుతురు వచ్చేచోట పెన్సిలుతో గుర్తు పెట్టొచ్చు. మెతోది సన్నటి మనిషి, అల్మారాలో అరలు ఇంకా పడలేదు. ఏప్రన్ కూడా విప్పకుండా, మోకాళ్లు గడ్డానికి ఆనించి లోపల కూర్చుని, రెండు రెక్కలూ లాక్కున్నాడు. టక్కుమంది. ఎక్కడా ఇంతైనా వెలుతురు లేదు. తన చేతిపనికి తానే మురిసిపోయాడు. గడియ తీసే పిడి బయటే ఉందన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

దోన్కాను పిలవబోయేంతలో షెడ్డులో అడుగుల చప్పుడైంది. పక్కింటి గిన్కా, అరువు తీసుకున్న పెనం తిరిగివ్వడానికి వచ్చింది. గిన్కాకు తెలిసింది వీధికి తెలియడానికి ఒక పూట చాలు. ఆమె వెళ్లాక అరుద్దామని మెతోది ఊపిరి బిగబట్టాడు. ఆమె మాత్రం మేకుకు వేలాడుతున్న టోపీ చూసింది. బట్టతల బయటపడకుండా చర్చిలోనూ టోపీ పెట్టుకునే మనిషి, టోపీ లేకుండా ఎక్కడికి వెళ్లినట్టు? పెరట్లో మిరపకాయలు కాలుస్తున్న దోన్కా దగ్గరికి పరుగెత్తింది.

"అక్కా, పొద్దున ఏమైనా అన్నావా ఆయన్ని?"

దోన్కా షెడ్డులోకి వచ్చి ఒకసారి చుట్టూ చూసింది. రాచో పేరెత్తానని ఒప్పుకుంది. గిన్కాకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

ఆ తర్వాత షెడ్డులో పోగైన వీధి జనం అల్లుతున్న కథ అల్మారా లోపలికి ముక్కలు ముక్కలుగా వినబడింది. పది గంటలకు మెతోది అలిగి ఇల్లు వదిలాడు. పదిన్నరకు వంతెన మీద నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. పదకొండుకు గాబ్రోవో బస్సెక్కాడు, పక్క సీట్లో ఒకావిడ కూడా ఉంది. ఆవిడెవరో వినాలని మెతోది చెవి తలుపుకు ఆనించాడు, కానీ ఎవరూ పేరు చెప్పలేదు. మొదట్లోనే అరిచి ఉంటే గిన్కా ఒక్కతే నవ్వేది. ఇప్పుడైతే వీధి మొత్తం ఉంది. ఎడమ కాలు ఎప్పుడో మొద్దుబారింది.

కాసేపటికి దోన్కా అందరినీ తలో దిక్కుకు వెతకడానికి పంపేసింది. షెడ్డులో ఆమె ఒక్కతే మిగిలింది. మెతోది నోరు తెరవబోయాడు. అప్పుడే గడప దగ్గర ఒక దగ్గు వినిపించింది. ఇరవై రెండేళ్లయినా ఆ దగ్గు మారలేదు.

"రా అన్నయ్యా. ఈయన మళ్లీ మీ బల్లనే చేశాడు, చూడు," అంది దోన్కా.

రాచో బల్ల దగ్గరికి వచ్చాడు. పైచెక్క మీద అరచెయ్యి రాస్తున్న చప్పుడు లోపల మెతోది నెత్తి మీదే వినబడింది.

"దాన్ని నేను ఎవరికీ ఇవ్వలేదమ్మా," అన్నాడు చివరికి. "ఆ చలికాలం మా అమ్మ మంచం మీద ఉంది. ఇంట్లో కట్టెలు అయిపోయాయి. కోసి పొయ్యిలో పెట్టాను. మూడు వారాలు కాలింది. వాడు నిలబడే వైపు ఆఖర్న పెట్టాను. ఆ మాట వాడికి ఏ మొహంతో చెప్పను? ఇచ్చేశావు అన్నాడు, అదే నయమనిపించి ఊరుకున్నాను."

చీకట్లో మెతోది లెక్కపెట్టుకున్నాడు. రాచో తల్లి చేతి పులుసు ఎన్ని ఆదివారాలు తిన్నాడో. ఒక్కసారి అడిగి ఉంటే తన వాటా కట్టెలు తానే మోసుకెళ్లేవాడు. ఏదో ఒకటి చెప్పాలి. కానీ అల్మారాలో కూర్చుని ఎలా మొదలుపెట్టాలో అతనికి తోచలేదు.

బయట రాచో ముక్కు చీది, వంగి తలుపులు చూశాడు. గొంతు మామూలు గొంతైపోయింది.

"పని మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఈ రెక్కల మధ్య వేలు పడుతుంది."

"వేలు కాదు, వెంట్రుక కూడా పట్టదు," అన్నాడు మెతోది లోపలినుంచి. "నేను చూశాను."

రాచో ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత రాచో గడియ తీశాడు. ముందు మెతోది మోకాళ్లు, ఆ తర్వాత తల బయటికి వచ్చాయి. నిలబడలేక రాచో భుజం పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వెంటనే తీయలేదు.

"అంతా విన్నావా?" అన్నాడు రాచో.

"నీ వైపు బల్లకాళ్లు ముందు కాల్చాల్సింది. అటు కలప ఎండినది," అన్నాడు మెతోది. రాచో తల ఊపాడు.

గిన్కా తిరిగి వచ్చేసరికి ఇద్దరూ నేల మీద కూర్చుని తలుపు ఎక్కడ గీరాలో వాదించుకుంటున్నారు. పాపం నీ గుండె ఎంత కొట్టుకుందో అక్కా అని ఆమె దోన్కాను ఓదార్చబోయింది.

"ఎందుకు కొట్టుకుంటుంది? నువ్వు పిలిస్తే నేను షెడ్డులోకి వచ్చినప్పుడే ఈయన ఏప్రన్ అంచు తలుపుల అడుగున వేలెడంత బయటికి కనబడింది," అంది దోన్కా. "అందుకే రాచో అన్నయ్యకు కబురు పంపాను. ఇరవై రెండేళ్లలో ఈయన కదలకుండా కూర్చుని ఒకళ్ల మాట పూర్తిగా విన్నది ఇవాళే."

అప్పటినుంచి రాచో ప్రతి శనివారం వస్తున్నాడు. మార్చిలో జిగురు చిక్కదనం మీద మాటా మాటా పెరిగి, ఇద్దరూ తొమ్మిది రోజులు మళ్లీ మొహాలు చూసుకోలేదు. ఆ తొమ్మిది రోజులూ ఇల్లు ఎంత హాయిగా ఉందో దోన్కా ఎవరికీ చెప్పలేదు.