పూజలందుకున్న జిడ్డు పెట్టెలు

మా కందోయి శేరీలో, అంటే వేపుళ్లవాళ్ల వీధిలో, జిడ్డు అనేదే లేదని పురపాలక సంఘం అధికారికంగా ప్రకటించింది. ముప్ఫై ఐదు వేపుళ్ల దుకాణాలు, తెల్లారేసరికి ముప్ఫై ఐదు బాణళ్లలో సలసలా కాగే నూనె, ఆదివారం వస్తే శనగపిండిలో వాము వేసి వేయించే ఫాఫ్డా, నంజుకునే మిరపకాయల కోసం వీధి మలుపు దాకా జనం. అయినా చుక్క జిడ్డు లేదు! సౌరాష్ట్ర మొత్తంలో ఇలాంటి వీధి ఇంకొకటి ఉంటే చూపించండి. వీధి కమిటీ ఉపకార్యదర్శిని, రిటైరైన డ్రాయింగు మాస్టారిని, ఈ ఘనత గురించి నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

నిరుడు మురుగు గొట్టాలు పూడుకుపోతున్నాయని దుకాణానికొక జిడ్డు పెట్టె మంజూరైంది. తళతళలాడే స్టీలు పెట్టె. బాణలి కడిగిన నీళ్లు అందులోంచి పోవాలి. జిడ్డు పైకి తేలి ఆగిపోతుంది, నీళ్లు అడుగునుంచి మురుగులోకి వెళ్తాయి. తేలిన జిడ్డును రోజూ తీసి పారేయాలి. అంతా బాగానే ఉంది కానీ, పెట్టెల లారీ సరిగ్గా దీపావళి ముందొచ్చే ధన్‌తేరస్ నాడు వచ్చింది.

ధన్‌తేరస్ నాడు గడప దాటి లోపలికొచ్చిన కొత్త పాత్ర ఏదైనా మాకు సాక్షాత్తూ లక్ష్మి. శేరీలో అన్నిటికన్నా పెద్ద దుకాణం లాభుభాయ్‌ది. అతను పెట్టెకు కుంకుమతో స్వస్తిక్ వేసి, కొబ్బరికాయ కొట్టి, గల్లా పక్కన ప్రతిష్ఠించాడు. "అదేమిటయ్యా, మురుగు దగ్గర కదా పెట్టాలి?" అన్నాను.

"లక్ష్మీదేవి నెత్తిన అంట్లనీళ్లు పొయ్యమంటావా మాస్టారూ? నీకేం, నెల తిరిగేసరికి పెన్షనొస్తుంది. మేం వ్యాపారం చేసుకోవాలా వద్దా?" అని కసిరాడు.

మిగతా ముప్ఫై నలుగురూ అదే బాట పట్టారు. అంట్లనీళ్లు యథాప్రకారం నేరుగా మురుగులోకే పోయాయి. లాభుభాయ్ పెట్టెలో జీడిపప్పు దాచుకున్నాడు. ఎదురు దుకాణంవాళ్లు పెళ్లి ఆల్బం పెట్టుకున్నారు.

పురపాలక సంఘం నుంచి తనిఖీకి వోరా సాహెబ్ విచ్చేశారు. ఆయన చేతి కాగితంలో ఒకటే ప్రశ్న ఉంది: "పెట్టె శుభ్రముగా ఉన్నదా?" సాహెబ్ మూత తీశారు, స్టీలులో ముఖం చూసుకున్నారు, మీసం సవరించుకున్నారు, నూటికి నూరు వేశారు. లాభుభాయ్ దుకాణంలో మాత్రం రెండుసార్లు తనిఖీ చేశారు, జీడిపప్పు బాగుందట.

ఇక రంభాబెన్ సంగతి. శేరీకి పల్లపు చివరన ఆమె ఇల్లు. ముందుగదిలో ఆరుగురు ఆడవాళ్లతో ఖాఖ్రాలు చేయిస్తుంది. పలచటి రొట్టెను పెనం మీద గుడ్డముద్దతో నొక్కి నొక్కి కరకరలాడేలా కాల్చడమే పని. వేయించడమంటూ ఉండదు. శేరీ మొత్తంలో బాణలి లేని వంటిల్లు అదొక్కటే. కనుక శేరీ మొత్తం జిడ్డూ న్యాయంగా ఆమె ఇంటికే చేరేది. ఆదివారం ఫాఫ్డా బేరం ముగిశాక, మధ్యాహ్నం మూడింటికల్లా స్నానాలగది తూములోంచి నీళ్లు బుసబుసా పైకొచ్చేవి. తేమకు ఖాఖ్రాలు మెత్తబడేవి.

ఆమె ఫిర్యాదు చేసింది. చర్య వెంటనే తీసుకున్నారు, ఆమె మీద! "జిడ్డు మీ గొట్టములో లభ్యమైనందున అది మీదేనని నిర్ధారించడమైనది. ఏడు రోజులలో సంజాయిషీ ఇవ్వనిచో వంటశాలకు సీలు వేయబడును."

నోటీసు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "మాస్టారూ, ఆ జిడ్డు దుకాణాలదేనని మీ కమిటీ ఒక్క ముక్క రాసిస్తే చాలు. సీలు పడితే ఆ ఆరుగురూ ఎక్కడికి పోతారు చెప్పండి?"

నాకు నిజంగా మనసు చివుక్కుమంది. కమిటీ అధ్యక్షులు ధీరజ్‌లాల్ కాకాకు విన్నవించాను. "లేని జిడ్డును మనదని ఎలా రాస్తామయ్యా? నూటికి నూరు వచ్చిన వీధి ఇది!" అన్నారాయన. ఆ మాట చెబితే రంభాబెన్ ఏడవలేదు, అరవలేదు. "సరే, నూటికి నూరు వేసినందుకు వోరా సాహెబ్‌కు మీరు చేయబోయే సన్మానమేదో మా ఇంట్లో పెట్టుకోండి. ఆదివారం, రెండున్నరకి. టీ, ఖాఖ్రా నావే" అంది. టీ ఊరికే వస్తుందంటే మా కమిటీ ఏనాడూ కాదనలేదు.

ఆదివారం అందరం తెల్లబట్టల్లో దిగాం. ముందుగదిలోని ఊయలబల్ల మీద వోరా సాహెబ్‌ను కూర్చోబెట్టి, మేం కింద చాపల మీద సర్దుకున్నాం. కాకా ఉపన్యాసం ఎత్తుకున్నారు. "సోదరులారా! జిడ్డు మన బాణళ్లలో లేదు, మన పెట్టెల్లో లేదు, మన హృదయాల్లో లేదు..."

అప్పుడొచ్చాయి నీళ్లు. వాము వాసనతో, శనగపిండి నురగతో, వేయించిన పచ్చిమిరపకాయ ఒకటి ముందు నడవగా, చాపల కిందికి వచ్చేశాయి. అందరం గబగబా గోడవారనున్న మంచాలెక్కాం. సాహెబ్ ఊయల మీదే కాళ్లు పైకి లాక్కున్నారు.

రంభాబెన్ ఆ మిరపకాయను తీసి చూపించింది. "సాహెబ్, ఇది నాదేనా? నేను రొట్టెలు కాల్చుకునేదాన్ని. లాభుభాయ్, గుర్తుపట్టవయ్యా నీ సరుకు!"

"మిరపకాయల్లో ఏది ఎవరిదని చెప్తాం బెన్!" అన్నాడు లాభుభాయ్, మంచం కోడు పట్టుకుని.

వోరా సాహెబ్ ఊగుతూ ఆలోచించారు. నీళ్లు దుకాణాలవంటే తాను వేసిన మార్కులు తప్పవుతాయి. ఈ ఇంటివంటే తాను సన్మానం చేయించుకున్నది మురికి కొంపలో అవుతుంది. చివరికి ఆయన కలం తీశారు. "నీళ్లు రాలేదు" అని రాశారు. నీళ్లే రానప్పుడు నోటీసు ఎందుకని దాన్ని అక్కడికక్కడే రద్దు చేశారు. మేం చప్పట్లు కొట్టాం. రంభాబెన్ వంటిల్లు నిలబడింది, నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత సాహెబ్‌ను ఇద్దరు భుజాల మీద మోసుకుని బయటికి దాటించారు.

కాకా వెంటనే అత్యవసర తీర్మానం ప్రవేశపెట్టారు: ఇకమీదట కమిటీ సమావేశాలు లాభుభాయ్ మేడ మీద జరపాలి.

"మరి ఈ నీళ్ల సంగతో?" అంది రంభాబెన్.

"మేం వెళ్లిపోతున్నాంగా బెన్! ఇంకెవరికీ ఇబ్బంది ఉండదు" అన్నారు కాకా, ఎంతో ఆప్యాయంగా.

మంచాల మీద నిలబడే అందరం చేతులెత్తాం. నేను చెప్పులు పట్టుకున్న చెయ్యే ఎత్తాను. రంభాబెన్ ఒక్కతే ఎత్తలేదు, ఆమె రెండు చేతులా చీపురు పట్టుకుని నీళ్లు తోస్తోంది. కాకా నా వైపు తిరిగి, "ఏకగ్రీవం అని రాసుకో మాస్టారూ" అన్నారు. రాసుకున్నాను.