ఆకలి బదిలీ

భావనారాయణ అన్నం మానేసిన రెండో వారంలో ఆయన ఆకలి భార్య సత్యవేణి పేరు మీదికి మారింది. మార్పు సక్రమంగానే జరిగిందని కోటిపర్రు మున్సిపాలిటీ వారు కబురు కూడా చేశారు.

కోటిపర్రులో ఇదేమీ వింత కాదు. మనిషి అన్నం మానేయొచ్చు, అది అతని ఇష్టం. ఆకలి మాత్రం ససేమిరా అంటుంది. ఇన్నేళ్లూ పూటపూటా కంచం ముందు కూర్చున్న ఆకలిని ఉన్నపళంగా వీధిలోకి తోలేస్తే ఊరు ఊరంతా అల్లకల్లోలం అయిపోదూ? అందుకని మున్సిపాలిటీ మేడ మీద, జనన మరణాల గదికీ కుక్కల లైసెన్సుల గదికీ మధ్యన, ఆకలి విభాగం పెట్టారు. నియమం చాలా తేలిక. అన్నం తినని మనిషిని "అన్నం తిన్నారా?" అని ఎవరు అడిగి, "లేదు" అనే జవాబు అందుకుంటారో, ఆ మనిషి ఆకలి వాళ్లది. అలా వచ్చిపడిన ఆకలి కూడా అదే దారిన ఇంకొకరికి పోతుంది. అక్కర లేకపోతే ఎందుకడిగినట్టు, అని విభాగం వారి వాదన. దానికి ఇంతవరకూ ఎవరూ ఎదురు చెప్పలేదు.

భావనారాయణ కాలవల ఆఫీసులో సూపరింటెండెంటు. యాభై దాటాక షుగరొచ్చింది. కుడికాలి బొటనవేలి మీద పుండు లేచి, ఎంతకీ మానలేదు. అయినా గోంగూర పచ్చడి చూస్తే మూడోసారి కలుపుకోకుండా లేవని మనిషి. డాక్టరు విసిగిపోయాడు. "వేలు కావాలా, అన్నం కావాలా?" అని అడిగి, వేలు కావాలన్నాక, "అయితే వ్యవసాయం పుట్టక ముందు మనుషులు ఏం తిన్నారో అదే తినండి" అన్నాడు. వరి, గోధుమ, జొన్న, రాగి, పప్పులు, పాలు అన్నీ బంద్. మాంసం, చేప, గుడ్డు, ఆకు, కాయ, దుంప మాత్రం తినొచ్చు. అదీ ఇంట్లో వండుకునే తినాలి, ఎందుకంటే ఆదిమానవుడికి హోటళ్లు లేవు. ఆఫీసులో తోటివాళ్లు, "మీరే అన్నం మానేస్తే వరిచేలకి ఈ నీళ్లన్నీ ఎవరి కోసం వదలాలండీ?" అని ఆటపట్టించారు.

తన తిండి తనే వండుకుంటానన్నాడాయన. సత్యవేణి ముక్కున వేలేసుకుంది. పెళ్లయ్యాక ఆయన వంటింట్లోకి వెళ్లింది మంచినీళ్లకే. ఉప్పేదో వంటసోడా ఏదో తెలియక మొదటిరోజు ఆయన పెట్టిన కొరమీను పులుసు నురగలు కక్కి పొయ్యి ఆర్పేసింది. మర్నాడు కాలీఫ్లవర్‌తో పాటు చేతివేలు కూడా తురుముకున్నాడు. అయినా పట్టు వదల్లేదు. కొన్నాళ్లకి పనసపొట్టు కూరలో ఆవ ఘాటు సరిగ్గా కుదిరింది. తను వండింది తను తినడంలో ఇంత సుఖం ఉందని ఇన్నేళ్లూ తనకెవరూ చెప్పలేదేమిటని ఆయన నిజంగానే బాధపడ్డాడు. పుండు ఎండటం మొదలుపెట్టింది.

ఇదంతా బాగానే ఉంది. కానీ సత్యవేణి రోజూ మధ్యాహ్నం ఆఫీసుకి ఫోన్ చేసి, "ఏవండీ, అన్నం తిన్నారా?" అని అడుగుతుంది. పాతికేళ్ల అలవాటు, నాలుక ఊరుకుంటుందా? ఆయన కూడా అలవాటు కొద్దీ నిజమే చెప్పాడు, "లేదు, గుడ్లు తిన్నాను" అని. విభాగానికి గుడ్లతో పని లేదు. "లేదు" అన్న మాట చాలు.

విభాగం నుంచి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు జోగారావు కుర్చీ అంచున కూర్చుని, చాలా మర్యాదగా అడిగాడు. "మీరే అడిగారాండీ?"

"అడక్కుండా ఎలా ఉంటానండీ? మొగుడు తిన్నాడో లేదో అడగద్దా?"

"అడగాలండి, తప్పేం లేదు. అడిగారు కాబట్టి వచ్చింది. అంతేనండి."

ఆ రోజు నుంచీ సత్యవేణి అవస్థ చూసేవాళ్లకి నవ్వులాటగా ఉన్నా ఆవిడకి నరకమే. ఆవిడ సొంత ఆకలి నెమ్మదస్తురాలు. మధ్యాహ్నం వచ్చి, నాలుగు ముద్దలు తిని, పమిట సర్దుకుని వెళ్లిపోయేది. భర్త ఆకలి అలా కాదు. ఆవిడ చేయి కడుక్కోగానే చెప్పులతో సహా లోపలికి వచ్చేసేది. గోంగూర కావాలనేది, సత్యవేణికి గోంగూర పడదు. ముద్దపప్పులో నెయ్యి పోయమనేది. మూడోసారి కలిపితే గానీ లేవనిచ్చేది కాదు. కుక్కరు రెండుసార్లు పెట్టాల్సి వచ్చేది. తిన్నది ఒంటికి పట్టక, తినకుండా ఉండలేక, ఆవిడ కంచం ముందే కళ్ల నీళ్లు పెట్టుకునేది. పరీక్ష చేయిస్తే ఆయనకి తగ్గిన షుగరంతా ఆవిడ రక్తంలో తేలింది. డాక్టరు ఆవిడకి సూదిమందు మొదలుపెడదామన్నాడు.

"నాది కాని ఆకలికి నా ఒళ్లు ఖర్చయిపోతోందండీ" అందావిడ ఆ సాయంత్రం. కోపం లేదు ఆ మాటలో, ఉత్త నీరసం.

భావనారాయణకి గుండె తరుక్కుపోయింది. ఆయనకి భార్య అంటే ప్రాణం, ఆ సంగతి ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు గానీ. తన ఆకలి తనే వెనక్కి తీసుకుందామని మర్నాడు పొద్దున్నే, ఆవిడ ఇంకా ఏమీ తినకముందే, "సత్యా, అన్నం తిన్నావా?" అని అడిగాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయన కాలివేలి వంక చూసి, "తిన్నాను" అంది. మధ్యాహ్నం అడిగినా తిన్నాననే అంది. అబద్ధం చెప్పడం రాని మనిషి, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం తొణకలేదు.

ఇంకెవరైనా ఆవిణ్ణి అడిగితే బాగుండునని ఇద్దరూ ఎదురుచూశారు. ఊరంతా ఆరితేరిపోయి ఉంది. ఎదురింటివాళ్లు కనిపిస్తే "కరెంటుందాండీ?" అని తప్పుకుంటున్నారు. సత్యవేణి తమ్ముడు అమలాపురం నుంచి ఫోన్ చేసి, "అక్కా..." అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, "అక్కా, ఈ మధ్య సినిమాలేమైనా చూశావా?" అన్నాడు. వాడి గొంతులో వణుకు విని ఆవిడకి నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

చివరికి భావనారాయణే సిగ్గు విడిచి జోగారావుని ఇంటికి పిలిచి, దారి చెప్పమన్నాడు. జోగారావు గొంతు తగ్గించి, "పనిమనిషి ఉందాండీ?" అన్నాడు.

"ఉంది. నూకరత్నం అని, అంట్లు తోమడానికి వస్తుంది."

"మరింకేంటండీ? ఊళ్లో సగం ఆకళ్లు అలాగే వెళ్తాయండి. ఆ పనిమనిషి అమ్మగారిని అడిగేలా చూసుకోండి. నేను సాక్షిగా వచ్చి కూర్చుంటాను."

"పాపం కదండీ?" అంది సత్యవేణి.

"అలవాటు లేనివాళ్లకి కష్టంగానీ వాళ్లకేంటమ్మా" అన్నాడు జోగారావు. మంచి మనిషే. సొంత మాటలా కాకుండా, ప్రభుత్వం ఎప్పుడో తేల్చేసిన సంగతిలా చెప్పాడు.

మర్నాడు సత్యవేణి హాల్లో ఖాళీ కంచం ముందు పెట్టుకుని కూర్చుంది. జోగారావు వరండాలో పేపరు చాటున కూర్చున్నాడు. భావనారాయణ వంటింట్లో బీరకాయ తొక్కు తీస్తూ చెవులు రిక్కించాడు. నూకరత్నం వచ్చింది, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని అంట్లు తోమింది, తడి చేతులతో హాల్లోకొచ్చి ఆగిపోయింది.

"అదేంటండి అమ్మగారూ, మొహం అలా పీక్కుపోయిందేంటి? అన్నం తిన్నారా?"

సత్యవేణి తల తిప్పింది. వంటింటి గుమ్మంలో భర్త కనిపించాడు, బీరకాయ చేత్తోనే పట్టుకుని.

"లేదే" అంది.

జోగారావు పేపరు మడిచి లోపలికి వచ్చి, విషయం దాచకుండా చెప్పాడు. ఫలానా వారి ఆకలి ఇప్పుడు నీదైంది, అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పుకోవచ్చు, చెప్పుకున్నా మారదు అన్నాడు. నూకరత్నం కొంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది.

"ఓస్, ఇంతేనాండీ! నేనింకేదో అనుకున్నాను. మాకెలాగూ ఉన్నదేగదండి, దాంట్లో ఇదీ కలిసిపోద్ది. ఆయ్."

సత్యవేణి ఉండబట్టలేక, "ఆకలితో పాటు మా వంతు రేషన్ బియ్యం కూడా దీనికి రాసేయొచ్చు కదండీ?" అని జోగారావుని అడిగింది.

"కుదరదమ్మా. ఆకలి మా శాఖది, బియ్యం వేరే శాఖది. రెండూ కలిపి ఒకే మనిషికి రాస్తే ఆడిట్ వాళ్లు పట్టుకుంటారు." భావనారాయణ ఇచ్చిన కాఫీ తాగి, పాలు పోయని కాఫీ కాబట్టి మొహం కాస్త అదోలా పెట్టి, జోగారావు వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం సత్యవేణి నాలుగు ముద్దలు తిని, చేయి కడుక్కుని, గుమ్మం వైపు భయం భయంగా చూసింది. ఎవరూ రాలేదు. గోంగూర అడిగేవాళ్లు లేరు. మంచం మీద నడుం వాల్చి, చాలా రోజుల తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. లేచేసరికి భావనారాయణ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతున్నాడు. కరెంటు ఉన్నా విసురుతున్నాడు. ఇద్దరికీ కళ్లు చెమర్చాయి. బతికిపోయాం అనుకున్నారు. ఆ మాటలో ఆవగింజంత అబద్ధం లేదు.

ఇంత సులువని తెలిశాక సత్యవేణి కూడా అన్నం మానేసింది. ఆవిడ ఆకలి ఎలాగూ నెమ్మదస్తురాలు, నూకరత్నం అడగ్గానే కిక్కురుమనకుండా వెళ్లిపోయింది. ఆలుమగలిద్దరూ సాయంత్రాలు వంటింట్లో పక్కపక్కనే నిలబడి, ఒకరు చేప ముక్కలు కడుగుతుంటే ఒకరు చింతపండు పిసుకుతూ, కొత్తగా కాపురానికి వచ్చినవాళ్లలా కబుర్లు చెప్పుకునేవారు. వాళ్లని చూసి పై వాటావాళ్లు, ఆ పై వాటావాళ్లు కూడా ధాన్యం మానేశారు. నూకరత్నం ఆ ఇళ్లన్నిటిలోనూ అంట్లు తోముతుంది, మర్యాద తెలిసిన మనిషి, ఎవరి మొహం చిన్నబోయినా అడక్కుండా ఉండలేదు. వర్షాకాలం వచ్చేసరికి మున్సిపాలిటీ వారు బిల్డింగు గేటుకి "ఆకలి లేని భవనం" అని ఇత్తడి బోర్డు బిగించి, ఖర్జూరాలు పంచారు. భావనారాయణ వేలు పూర్తిగా మానింది. సూదిమందు సంగతి డాక్టరే మరిచిపోయాడు.

ఒకరోజు నూకరత్నం అంట్లు తోమడం ముగించి, వెంటనే వెళ్లకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది. మెడ ఎముకలు బయటికొచ్చాయి. పని మాత్రం ఎప్పటిలాగే శుభ్రంగా చేసింది.

"అమ్మగారూ, రాత్రి అన్నం ఏమైనా మిగిలిందాండీ?"

"అన్నం ఎక్కడిదే? మేం వండటమే మానేశాం కదా. కాలీఫ్లవర్ తురుము ఉంది, పెట్టనా?"

"వద్దులెండి. ఈ ఆకలికి అది తెలీదండి, అన్నమే అడుగుద్ది. ఓ పూటైతే బిల్డింగంతా ఒక్కసారే వచ్చేస్తదండి, ఎవరికని పెట్టనూ." నవ్విందామె, తప్పు తనదేనన్నట్టు.

సత్యవేణి ఓ అడుగు ముందుకొచ్చింది. "ఇంటి దగ్గర పిల్లలు అడుగుతారు కదే నిన్ను? వాళ్ల మీద పడదూ?"

"అడుగుతారండి, అడక్కేం. తిన్నానని చెప్తాను."

వంటింట్లో భావనారాయణ చేప వేపుతున్నాడు. సత్యవేణికి పాతికేళ్ల అలవాటు నాలుక చివరికి వచ్చేసింది. పెదవులు కదిలాయి కూడా. "పొద్దుటి నుంచీ..." అంది. భావనారాయణ గరిటె వదిలేసి వచ్చి భార్య చేయి గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది, తర్వాత నూకరత్నం మొహంలోకి చూసింది.

"పొద్దుటి నుంచీ మబ్బుగా ఉందే" అంది. "గొడుగు తీసుకెళ్లు."

"ఆయ్, అలాగేనండి" అని నూకరత్నం గొడుగు తీసుకుని మెట్లు దిగింది. గేటు పడిన చప్పుడు వినిపించాక, హమ్మయ్య అనుకుని, ఇద్దరూ వేడివేడిగా వడ్డించుకున్నారు.