పాలడబ్బాకు చప్పట్లు

ఊరు బాగుపడాలంటే ముందు పాడుబడాలి! నవ్వకండి. కొళాయిల్లో నీళ్ళూ, కొట్లలో సరుకులూ ఉన్న ఊరిని చూడ్డానికి పెట్రోలు పోసుకుని ఎవరైనా వస్తారా?

మా కాపర్ వెల్స్‌నే చూడండి. రాగి గనులు ఏనాడో మూతపడ్డాయి. కొత్త ఫ్రీవే మమ్మల్ని తప్పించుకుని కొండ అవతల నుంచి పోయింది. మాకు అమెరికా అంతా ఎరిగిన పాత రోడ్డు, రూట్ 66 మిగిలింది, ఇసుక మిగిలింది. ఎంత అదృష్టం! ఇప్పుడు పొద్దున లేస్తే మోటారు సైకిళ్ళు, బస్సులు, ఫోటోలు. ఫ్రిజ్‌కి అంటించే బొమ్మలు ఊళ్ళో ఏ కొట్లో అడిగినా దొరుకుతాయి. ఫ్రిజ్‌లో పెట్టుకునేవి మాత్రం ఇనెజ్ ఒర్తేగా కొట్లోనే.

ఆవిడకి ఆ అదృష్టం ఆలస్యంగా అర్థమైంది.

ఒకరోజు ఓ టూరిస్టు బీన్స్ డబ్బా చేతిలోకి తీసుకుని భక్తిగా అడిగాడు. “ఇవి ఏ కాలం నాటివండీ?”

“నిన్న మధ్యాహ్నం లారీలో దిగాయి.”

పాపం, అతని మొహం వాడిపోయింది. ఈలోగా అతని భార్య, కుర్చీలో కునుకు తీస్తున్న ఇనెజ్ మొగుడు రామిరో బుగ్గని వేలితో పొడిచి, “మైనంతో ఎంత బాగా చేశారో!” అంది.

మైనం కళ్ళు తెరిచింది. “ఉల్లిపాయలు కావాలా తల్లీ?”

ఆవిడ కేకకి బస్సు బస్సంతా లోపలికొచ్చింది. అందరూ ఫోటోలు తీసుకున్నారు. ఉల్లిపాయ ఒక్కరూ కొనలేదు.

పక్కన టీషర్టులమ్మే హార్లన్ బుద్ధి చెప్పాడు. “పిచ్చి ఇనెజ్, ఇంకా అమ్ముతావేంటి? అడ్డంగా తాడు కట్టు, టికెట్ పెట్టు. కొనడానికి ఏడ్చే జనం చూడ్డానికి ఎగబడతారు!”

నాన్నగారు పెట్టిన కొట్టు కదా అని ఇనెజ్ కొన్నాళ్ళు గింజుకుంది. ఐస్ పెట్టె కూడా చచ్చాక తాడు కట్టేసింది.

ఇక చూడండి వైభవం! రామిరోకి ఉద్యోగం కూడా దొరికింది. నిన్నటిదాకా నిద్రపోతే తిట్లు తిన్న మనిషి, ఇప్పుడు మేలుకుంటే తిట్లు తింటున్నాడు.

ఆ వైభవం మధ్యకి ఫేయ్ వచ్చింది, చేతిలో గుడ్డసంచితో. ఒకప్పటి బడి పంతులమ్మ. చూపు మందగించి కారు మానేసింది.

“పాలడబ్బా, కాస్త పిండీ ఇయ్యవే.”

“అవి అమ్మకానికి కాదు ఫేయ్. చూడ్డానికి.”

“నాకు కళ్ళే సరిగ్గా కనపడవు, చూసేం చేసుకోను? పట్నం దాకా నడిచి పొమ్మంటావా?”

ఇనెజ్ లేచింది. గబగబా తాడు విప్పింది. పిండి తీసింది, పాలడబ్బా తీసింది, అడక్కుండానే ఉల్లిపాయలు వేసింది.

“పోయినసారివి సగం కుళ్ళే!” అంది ఫేయ్, తాడు ఊడగానే పాత గొంతుతో.

“కుళ్ళితే తెచ్చి నా మొహాన కొట్టాల్సింది!”

వెనక నుంచి చప్పట్లు! “పూర్వం ఇలాగే బేరమాడేవారట,” అని ఓ పెద్దమనిషి అందరికీ వివరించాడు. “తర్వాతి ఆట ఎన్నింటికండీ?”

“ఈవిడింట్లో పాలు అయిపోయినప్పుడు,” అంది ఇనెజ్.

ఆ మర్నాటి నుంచి ఊరు ఊరంతా సంచులు పట్టుకుని ఆటకి వస్తోంది. టికెట్ల డబ్బుతో సరుకులు దిగుతున్నాయి. పాడుబడ్డ ఊరి మహిమ ఇప్పుడైనా ఒప్పుకుంటారా?

మొన్న ఓ టూరిస్టమ్మ ఫేయ్ చెయ్యి పట్టుకుని, “ఎంత సహజంగా చేశారమ్మా! నిజానికి మీరుండేది ఎక్కడ?” అని అడిగింది.

“ఇక్కడే.”

ఆవిడ పగలబడి నవ్వి, మళ్ళీ చప్పట్లు కొట్టింది.