ఒక్కటే పాట, నాలుగు రోగాలు

ఆ రోజు పొద్దున సిద్దిరాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. దోస్తు హనుమండ్లు దుబాయి నుంచి తెచ్చిన క్యాసెట్టును ఒకసారి విని, మైక్‌సెట్టును జీపెక్కించి, సాయంత్రం ఐదింటికి హనుమండ్లు మేనల్లుడి పెళ్లి బరాత్‌లో ఊరేగింపు పొడుగునా మోగించడం. అంతే. బెల్లంపల్లి బస్టాండు పక్క సందులో క్యాసెట్ల దుకాణం పెట్టిన రెండేళ్లకు దొరికిన మొదటి బరాత్ అది. చెడిందా, దుకాణానికి తాళమే. మామ మల్లన్న ముందే తేల్చి చెప్పాడు.

"అల్లుడా, గీ డబ్బాల యాపారం నడుస్తదో లేదో గీ బరాత్‌ల తేలిపోవాలె. నడవకుంటే రేపట్నించి నా సామిల్లుల దుంగలు మొయ్యి."

సిద్దిరాములుకు ఆ కట్టెకోత మిల్లన్నా, దుంగలన్నా భయం లేదు. రోజంతా మామ పక్కన గడపాలంటేనే గుండెదడ.

టేప్‌రికార్డరులో క్యాసెట్టు పెట్టాడు. ఇంగ్లీషు పాట. అబ్బో, ఆ దెబ్బకు గోడ మీది క్యాలెండరు ఊగింది! ఐదు నిమిషాలకు పాట అయిపోయింది. వెంటనే మళ్లీ అదే పాట మొదలైంది, ఈసారి ఎవరో తరుముతున్నట్టు.

"మోటరు ఖరాబైంది. స్పీడెక్కింది," అన్నాడు సిద్దిరాములు.

"నిన్నటిదాక మంచిగనే ఉండె గదా," అంది భార్య కొమురవ్వ.

"నిన్నటి ముచ్చట ఇప్పుడెందుకు? స్క్రూడ్రైవర్ ఇయ్యి."

మోటరు స్క్రూ తిప్పి, బెల్టు లాగి చూశాడు. అంతలో అదే పాట మూడోసారి నీరసంగా ఈడ్చుకుంటూ వచ్చింది. ఎక్కువ తిప్పానేమోనని వెనక్కి తిప్పాడు. నాలుగోసారి పాడే ఆమె గొంతే మాయమైంది, వట్టి ధనాధన్ మిగిలింది. ఎక్కడో తీగ తెగి ఉంటుందని స్పీకర్లన్నీ విప్పాడు. ఐదోసారి ఆమె తిరిగొచ్చింది గానీ ఒక్క మాట దగ్గరే నత్తి పట్టుకుంది. రీలు తీసి చూస్తే భేషుగ్గా ఉంది. ఇక తప్పు కరెంటుదేనని తీర్మానించి, లైన్‌మన్ దేవదాస్‌ను పట్టుకొచ్చాడు.

"ఓల్టేజి జర సూడన్నా."

దేవదాస్ స్తంభం ఎక్కి ఏం చూశాడో గానీ, ఫట్‌మని వీధి మొత్తానికి కరెంటు పోయింది. పక్క గిర్నీలో కారం పట్టిస్తున్న ఆడవాళ్లు సగం నలిగిన మిరపకాయలతో దుకాణం మీదికి వచ్చారు. తుమ్ములతో, తిట్లతో సందు దద్దరిల్లింది.

"గింత పరేషాన్ ఎందుకు? హనుమండ్లన్నకు ఒక్క మాట చెప్పరాదు?" అంది కొమురవ్వ.

"చెప్పేదే లేదు. మిషన్ సక్కజేసినంకనే లేస్త!"

నాలుగింటికి హనుమండ్లే వచ్చాడు. పేగులు బయటపెట్టిన టేప్‌రికార్డరును చూసి నల్లద్దాలు తీశాడు.

"గిట్ల పీకి పెట్టినవేందన్నా?"

"పాట ఒక్కోపారి ఒక్కో తీరుగ వస్తుందే!"

"అరే, గవి రీమిక్స్‌లన్నా! పాట ఒక్కటే, దాన్నే ఐదు తీర్ల కొట్టిండ్రు."

"తెలిసే కొట్టిండ్రా?"

"తెలిసే. దుబాయ్ల గవే కొనుక్కపోతరు."

సిద్దిరాములుకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. పళ్లు బిగబట్టి గంటలో అన్నీ బిగించాడు. జీపు బ్యాటరీకి తీగ తగిలించి, ఐదింటికి బరాత్ ముందు నిలబడ్డాడు.

మొదటిసారికి జనం ఎగిరారు. రెండోసారికి ఆగారు. "టేపు ఉరుకుతుంది!" అన్నారొకరు. మూడోసారికి, "బ్యాటరీ దిగింది!" అన్నారు ఇంకొకరు. నాలుగోసారికి మల్లన్నే జనాన్ని తోసుకుని వచ్చాడు.

"పాడేటామె ఏదిరా?"

"గది కావాల్ననే అట్ల చేసిండ్రు మామా."

"కావాల్నని ఎవడన్న ఖరాబ్ చేస్తడా? రేపు ఏడింటికి సామిల్లుకు రా!"

అప్పుడే జీపు గుంతలో పడింది. పొద్దుటి నుంచి లాగి లాగి సాగదీసిన బెల్టు కాస్తా సడలిపోయింది. పాట కాసేపు మూలిగి, కాసేపు పరుగెత్తి, ఉయ్యాలలా ఊగసాగింది. సిద్దిరాములు కళ్లు మూసుకున్నాడు. కానీ ఆ ఊగుడుకు అంతసేపూ ఖాళీగా నిలబడ్డ డప్పులవాళ్ల చేతులు ఆగలేదు. డప్పు కలిసింది.

"అగో, ఇప్పుడు సక్కగైంది!" అని ఎవరో అరిచారు.

జనం విరగబడి ఎగిరారు. పెళ్లికొడుకు కారు దిగి మరీ ఎగిరాడు. "ఖరాబైంది ఇప్పుడేనయ్యా!" అని హనుమండ్లు నెత్తి కొట్టుకున్నా వినే నాథుడు లేడు.

మల్లన్న రుమాలు తిప్పుతూ వచ్చి అల్లుణ్ణి వాటేసుకున్నాడు. "నడిచే జీపుల మిషన్ బాగుజేసిండు నా అల్లుడు! దుకాణం జోలికి నేనిగ రాను. గట్లనే నా సామిల్లు మోటరు గూడ నువ్వే సూడాలె, ఇంకొకరిని ముట్టనియ్య!"

మర్నాడు ఏడింటికల్లా సిద్దిరాములు సామిల్లులో ఉన్నాడు.