మనిషి లేని కుర్చీ

ఆ రోజు కండక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు లేవాలి, ఓడ పైడెక్కు మీదికి వెళ్ళాలి, సముద్రం బాగా కనబడే ముందువరసలో రెండు కుర్చీలు పట్టాలి. ఒకదాంట్లో తను కూర్చోవాలి. రెండోదాని మీద భార్య నీలం శాలువా పరిచి, కింద ఆమె చెప్పులు పెట్టి, పొద్దుగూకేదాకా అందులో ఇంకెవరూ కూర్చోకుండా చూడాలి. ఆ రోజు ఓడ ఏ రేవులోనూ ఆగదు, పొద్దస్తమానం నడిసముద్రమే కాబట్టి ఈ పనికి అంతకంటే మంచిరోజు దొరకదు. ఇంత చిన్న పథకం అంత పెద్ద ఓడను ఆపుతుందని ఎవరనుకుంటారు?

ఉద్యోగం నుంచి దిగి చాలాకాలమైనా ఆయన్ని అందరూ కండక్టరుగారనే అంటారు. కూతురి అత్తవారు కూడా అంతే. బస్సులో పనిచేసినన్నాళ్ళూ ఆయనకు లోకంలో ఒక్కటే శత్రువు, సీటు మీద వేసిన కర్చీఫు. కిటికీలోంచి కర్చీఫు విసిరి, తర్వాత తీరిగ్గా ఎక్కి "ఇది నాదండీ" అనే జాతిని చూస్తే ఆయనకు ఒళ్ళుమంట. "కర్చీఫుకి టికెట్టు కొట్టలేదు. మనిషి లేని సీటు సీటే కాదు" అంటూ ఆ గుడ్డను వచ్చిన కిటికీలోంచే సాగనంపేవాడు.

ఈ న్యాయానికి కట్టుకున్న భార్య కూడా అతీతం కాదు. పుట్టింటికి వెళ్ళాలంటే ఆమెకు ఆ బస్సే దిక్కు. "ఏవండీ, ఒక్కసారి నాకోసం సీటు ఆపకూడదా?" అని అడిగేది. "బస్సు మా నాన్నది కాదు" అనేవాడు. ఆమె కమ్మీ పట్టుకుని నిలబడే వెళ్ళేది. టికెట్టు మాత్రం ఆయన చేతే కొట్టించుకునేది.

ఓడ ఎక్కాలన్నది ఆమె కోరిక. ఇద్దరికీ టికెట్లు తీశాక, ఓడ బయల్దేరే రోజు రాకముందే ఆమె పోయింది. ప్రయాణం మానుకోమని కూతురు బతిమాలింది. ఆయన వినలేదు. బతికుండగా ఒక్కసారీ ఆపని సీటు ఇప్పుడైనా, ఒక్క రోజైనా ఆపాలన్న పట్టుదల ఆయన గుండెలో ముల్లులా దిగబడి ఉంది. ఆ సంగతి ఎవరికైనా చెబితే పిచ్చంటారని ఎవరికీ చెప్పలేదు.

పైడెక్కు మీద కుర్చీల పక్కనే బోర్డుంది. 'మనిషి లేని కుర్చీలపై వస్తువులు ఉంచరాదు. అరగంట దాటినచో తొలగించబడును.' కండక్టరు దాన్ని చదివి, ఎవరో బుద్ధిమంతుడు రాయించాడని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత శాలువా పరిచాడు.

కుర్చీల మీద పెత్తనం చేసే కాపలాదారు కాసేపటికే వచ్చాడు. నడివయసు మనిషి. మెడలో ఈల, చూపులో అనుమానం.

"ఈ కుర్చీ ఎవరిదండీ?"

"మా ఆవిడది."

"ఆవిడేరీ?"

"వస్తుంది."

"ఎప్పుడొస్తారు?"

దీనికి ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది కనక కండక్టరు సముద్రం వైపు చూశాడు.

"చూడండి పెద్దాయనా, శాలువాకి ఇక్కడ ప్రయాణం లేదు. మనిషొస్తే కుర్చీ. రాకపోతే తీసేస్తా. మా రూలంతే."

తన నోటి మాట తన చెంపనే కొడితే ఎలా ఉంటుందో కండక్టరుకు అప్పుడు తెలిసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడూ ఉంటాడు కదా. జవాబు వెతుక్కుంటూ ఉండగానే మందుల షాపావిడ వచ్చి ఆయన్ని రక్షించింది. ఆ రక్షణే ఆయన కొంప ముంచింది.

మందుల షాపావిడ భోజనాల బల్ల దగ్గర ఆయన పక్క కుర్చీ మనిషి. మొదటి రాత్రే ఆయనకు అవతలి ఖాళీ కుర్చీ చూసి "వదినగారు రాలేదేం?" అని అడిగింది. పోయిందంటే బల్ల మీద చెంచాలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి, అందరూ జాలి మొహాలు పెడతారు. కొన్ని నెలలుగా ఆ మొహాలు చూసి చూసి ఆయనకు విసుగొచ్చింది. "తలనొప్పమ్మా, గదిలో పడుకుంది" అనేశాడు. అప్పటి నుంచి పూటపూటా ఆవిడ రెండు మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తోంది, ఆయన దండం పెట్టి పుచ్చుకుంటున్నాడు.

"అన్నయ్యగారూ, వదినగారికి ఎలా ఉందివాళ?" అందావిడ.

"ఆవిడ మీకు తెలుసామ్మా?" అన్నాడు కాపలాదారు.

"తెలియకపోవడమేంటి? ఓడెక్కిన కాడ్నించీ నా మాత్రల మీదే ఉంది పాపం. కాస్త గాలి తగులుతుందని ఆ కుర్చీ పెట్టించుకుని ఉంటుంది. ఉండనివ్వవయ్యా."

సాక్షి దొరికాక కాపలాదారు మెత్తబడ్డాడు. ఇంకో అరగంట చూస్తానని అవతలి వరసకు వెళ్ళాడు. మందుల షాపావిడ ఫలహారానికి వెళ్ళిపోయింది. కండక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే ఇంకో చిక్కు వచ్చిపడింది. ఆయన వయసులో ఉన్నవాళ్ళు బాత్రూముకు దూరంగా ఎంతోసేపు కూర్చోలేరు.

లేచి వెళితే కుర్చీ పోతుంది. కదలకుండా కూర్చుంటే పరువు పోతుంది. మింగలేక కక్కలేక కాసేపు అవస్థపడ్డాక, తన బస్సులో ప్రయాణికులు వేసిన ఎత్తుగడల్లో ఒకటి గుర్తొచ్చింది. సామాను కనబడేలా పెట్టి, మనిషి ఇక్కడే ఎక్కడో ఉన్నట్టు భ్రమ కల్పించడం. ఆయన భార్య చెప్పులు తీసి రైలింగు పక్కన సముద్రం వైపు తిప్పి పెట్టాడు. శాలువాను రైలింగు మీద వేశాడు. చూసినవాళ్ళు ఆమె ఇప్పటిదాకా ఇక్కడే నిలబడి గాలి పీల్చుకుందని, రెండడుగులు అటు వేసిందని అనుకోవాలి. ఆ ఏర్పాటును ఒకసారి వెనక్కి తిరిగి చూసి, తృప్తిపడి, బాత్రూముకు పరిగెత్తాడు.

సముద్రపు గాలికి ఈ ఎత్తుగడల సంగతి తెలియదు. అది శాలువాను ఎగరేసింది. కింది అంతస్తులో కిటికీ పక్కన కాఫీ తాగుతున్న ఒక పెద్దమనిషికి పైనుంచి నీలంగా ఏదో జారి నీళ్ళలో పడటం కనబడింది. ఆయన కప్పు వదిలేసి పైకి పరిగెత్తుకొచ్చాడు. అక్కడ రైలింగు పక్కన ఆడమనిషి చెప్పులు, వాటి పక్కన ఖాళీ కుర్చీ ఉన్నాయి. అంతకంటే ఏం కావాలి?

కండక్టరు బాత్రూములో ఉండగానే సైరను మోగింది. ఆయన చేతులు కడుక్కుంటుంటే కాళ్ళ కింద ఓడ వణికి, వేగం తగ్గి, ఒక పక్కకు తిరగసాగింది. ఓడల్లో ఇలాంటివన్నీ ఉంటాయి కాబోలు అనుకున్నాడు. పైకి వచ్చేసరికి డెక్కంతా జనం. ఎవరి గదులకు వాళ్ళు వెళ్ళాలని మైకులో చెబుతూనే ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. ఎవరికి వారు రైలింగు పట్టుకుని నీళ్ళలోకి వంగి చూస్తున్నారు.

"ఏమైందండీ?" అని అడిగాడు.

"ఎవరో నీలం శాలువా ఆవిడ దూకేసిందట" అన్నాడొకాయన.

కండక్టరు జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో ఉన్న భద్రతాధికారిని పట్టుకున్నాడు.

"అయ్యా, అది మా ఆవిడ శాలువా. ఆవిడ అసలు ఓడ ఎక్కనేలేదు."

"కూర్చోండి పెద్దాయనా. ఇలాంటప్పుడు ఎవరికైనా మతి అలాగే తప్పుతుంది" అన్నాడు అధికారి, జాలిగా. ఎవరో మంచినీళ్ళిచ్చారు. ఇంకెవరో వీపు నిమిరారు. కండక్టరు మళ్ళీ నోరు తెరిచేలోపు మందుల షాపావిడ ఏడుస్తూ వచ్చింది.

"నిన్న కూడా బానే ఉందండీ. మాత్రలు వేసుకుందట కూడాను."

"పొద్దున ఫలహారాల దగ్గర చూశాను. నీలం శాలువాయే" అన్నాడు కాఫీ పెద్దమనిషి.

"మెట్ల మీద నాకెదురైంది. పలకరిస్తే పలకలేదు. అప్పుడే అనుకున్నాను" అంది ఇంకొకావిడ.

"మొగుడు కఠినాత్ముడేమో. ఆయన మొహం చూడండి" అన్నారు వెనక నుంచి ఎవరో.

ఆ చివరి మాటలో మాత్రం కొంత నిజముందని కండక్టరుకు అనిపించింది. అందుకే కాదనలేదు.

అంతలో పక్కనుంచి పడవను నీళ్ళలోకి దించారు. ఎర్రచొక్కాల మనుషులు అలల మీద ఊగుతూ అటూ ఇటూ వెతుకుతున్నారు. అంత పెద్ద ఓడ పని మానుకుని ఆమె కోసం ఆగింది. ఆసుపత్రిలో ఆఖరిరోజున ఆమె కోసం ఒక్కరూ పరిగెత్తలేదు. ఒక నర్సు వచ్చి, గుండె ఆగిందని చూపిస్తున్న యంత్రాన్ని ఆపి వెళ్ళింది, అంతే. ఇప్పుడు ఇంతమంది కళ్ళు చికిలించుకుని వెతుకుతుంటే, చెప్పాల్సింది చెప్పకుండా కండక్టరు కూడా లేచి రైలింగు పట్టుకుని నీళ్ళలోకి చూశాడు. అది తప్పని తెలుసు. అయినా చాలాసేపు చూశాడు. దుఃఖం ముంచుకొచ్చి కళ్ళు మసకబారినా చూపు తిప్పుకోలేదు.

భద్రతాధికారి మళ్ళీ వచ్చేసరికి ఆయన మొహంలో జాలి లేదు.

"గేటు దగ్గరి యంత్రంలో మీ గదికి ఒక్కరే ఎక్కినట్టుంది. ఇంతమందేమో ఆవిడ్ని కళ్ళారా చూశామంటున్నారు. అంటే మీ ఆవిడ లెక్కలో లేకుండా దొంగతనంగా ఎక్కిందన్నమాట. టికెట్ లేకుండా."

కండక్టరు నెమ్మదిగా వెనక్కి తిరిగాడు.

"ఏమన్నారు?"

"టికెట్ లేకుండా ప్రయాణం చేసిందంటున్నాను."

మొగుడు కఠినాత్ముడంటే ఓర్చుకున్నాడు, మతి తప్పిందంటే ఓర్చుకున్నాడు. ఈ మాట మాత్రం ఓర్చుకోలేకపోయాడు. వంగిన నడుము నిటారుగా అయింది. లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి అధికారి కళ్ళ ముందు పెట్టాడు.

"మా ఆవిడ జన్మలో టికెట్ లేకుండా ఒక్క స్టేజీ ప్రయాణం చెయ్యలేదు సార్. మొగుడే కండక్టరైనా కొనుక్కునే ఎక్కింది, నిలబడే వెళ్ళింది. ఇదిగో టికెట్. పేరు చూసుకోండి, ఎక్కడిదాకా ఉందో చూసుకోండి."

"టికెట్ ఉంటే గేటు దగ్గర ఎందుకు చూపించలేదు?"

"చచ్చిపోయింది సార్. వానలు మొదలవకముందే."

ఆ మాట ఆయన నోటివెంట రావడం అదే మొదటిసారి. కాఫీ పెద్దమనిషి తన బూట్లు చూసుకున్నాడు. మెట్ల మీద ఎదురైందన్నావిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. మందుల షాపావిడ మాత్రం దగ్గరికొచ్చింది.

"మరి నేనిచ్చిన మాత్రలు?"

"నేనే వేసుకున్నానమ్మా. నాకూ తలనొప్పిగానే ఉంది."

జాలి జాలే, రూలు రూలే. కెప్టెనుతో మాట్లాడి వచ్చి భద్రతాధికారి తీర్పు చెప్పాడు. రైలింగు దగ్గర వస్తువులు పెట్టడం ఒక తప్పు, లేని మనిషిని ఉందని చెప్పడం ఇంకో తప్పు, నడిసముద్రంలో ఓడ ఆగడానికి కారణం కావడం అన్నిటికంటే పెద్ద తప్పు. మర్నాడు వచ్చే రేవులో ఆయన్ని దించేస్తారు. కండక్టరు ఎదురు చెప్పలేదు. తన బస్సులో ఎవడైనా ఇంత పని చేసి ఉంటే రేవుదాకా కూడా ఆగేవాడు కాదు, అక్కడే దించేసేవాడు.

"కుర్చీ సంగతేంటి సార్?" అని మాత్రం అడిగాడు.

"మనిషి లేని కుర్చీ ఆపకూడదు. బోర్డు మీరు చదవలేదా?"

చదివానన్నట్టు తలూపాడు. అంత గొడవ పడ్డాక చివరికి ఆ ఒక్క కుర్చీ కూడా దక్కలేదు. భార్యకిచ్చిన మాటేం కాదది, ఆమె అడిగినప్పుడు ఇవ్వని మాట. అదే ఎక్కువ బాధ పెట్టింది. గదికి పోయి పెట్టె సర్దుకుని, చెప్పులు తీసుకుందామని మళ్ళీ పైకి వచ్చాడు.

ముందువరసలో ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది. పక్క కుర్చీ మీద పడవవాళ్ళు తెచ్చిన నీలం శాలువా నీళ్ళోడుతూ పరిచి ఉంది. కుర్చీ చేతికి తాడుతో ఒక అట్ట కట్టి ఉంది. 'కుర్చీ పాడైనది. కూర్చోరాదు.' కాపలాదారు పక్కన నిలబడి మెడలో ఈలను తిప్పుతున్నాడు.

"ఇది బానే ఉంది కదయ్యా" అన్నాడు కండక్టరు.

"మనిషి లేని కుర్చీకి రూలుంది పెద్దాయనా. పాడైన కుర్చీకి లేదు. బాగుచేసేవాడు ఆఖరి రేవులో గానీ ఎక్కడు. అందాకా దీన్ని ఎవరూ ముట్టుకోరు" అని, ఎవరినో ఈల వేసి హెచ్చరిస్తూ అవతలికి వెళ్ళిపోయాడు.

పొద్దుగూకేదాకా కండక్టరు ఆ కుర్చీ పక్కన కూర్చున్నాడు. మధ్యలో మందుల షాపావిడ వచ్చింది. రెండు మాత్రల పొట్లం ఆయన చేతిలో పెట్టి, "ఇవి మీకే అన్నయ్యగారూ" అని వెళ్ళింది.

మర్నాడు పొద్దున్నే రేవు వచ్చింది. కండక్టరు పెట్టెతో దిగి గట్టు మీద నిలబడ్డాడు. తాళ్ళు విప్పుతుండగా కాపలాదారు పైడెక్కు నుంచి వంగి కేకేశాడు.

"పెద్దాయనా, శాలువా కుర్చీ మీదే మర్చిపోయారు. కింద చెప్పులు కూడా."

"మర్చిపోలేదయ్యా. నన్నంటే దించారు గానీ, ఆవిడ టికెట్ ఆఖరి రేవుదాకా ఉంది. శాలువా మడతలోనే పెట్టాను. ఎవరైనా అడిగితే చూపించు."

కాపలాదారు సరేనన్నట్టు చెయ్యెత్తాడు. కండక్టరు అలవాటు కొద్దీ "రైట్" అన్నాడు. ఓడ కదిలింది.

ఆవిడ కూర్చునే వెళ్ళింది.